తిన్నది ఒంటపట్టకపోతే



కలువాయి నుంచి అత్తగారు నెల్లూరులో మీ ఇంటికి వచ్చారనుకోండి. మూడు నెలలుగా విరేచనాలు. రంగు పాలిపోయి, జిడ్డుగా, ఎన్ని నీళ్లు పోసినా ఒకపట్టాన పోదు. నాలుక పూసి కారం ముట్టనివ్వదు. మనిషి సగమయ్యారు. 'పెద్దతనం కదా, వేడి చేసిందిలే' అని మజ్జిగన్నం పెట్టి ఊరుకోకండి. మన పెద్దలు దీన్ని గ్రహణి అనేవారు. డాక్టర్లు ట్రాపికల్ స్ప్రూ అంటారు.

చిన్నపేగు లోపలి గోడకు మఖమల్ గుడ్డ మీది నూగులాంటి మొలకలుంటాయి. అన్నంలోని సారాన్ని పీల్చేవి అవే. క్రిముల మూలంగా అవి అరిగిపోతే, ఎంత తిన్నా ఒంటపట్టదు. 1960 తర్వాత మనకు దాపునున్న వేలూరు చుట్టుపట్ల పల్లెల్లో ఇది మహమ్మారిలా వ్యాపించింది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు బేకర్, మాథన్ దీన్ని పరిశోధించారు. ఇప్పుడు తగ్గింది గాని, పూర్తిగా పోలేదు.

మరి తెలిసేదెలా? ముందు మలపరీక్షలో జియార్డియా వంటి క్రిములున్నాయేమో చూస్తారు. రక్తపరీక్షలో రక్తహీనత, విటమిన్ల లోటు బయటపడతాయి. పేగుల క్షయ, గోధుమ పడని సీలియాక్ జబ్బు కూడా ఇలాగే కనిపిస్తాయి. అందుకని నోటిగుండా సన్నని గొట్టం పంపి, పేగునుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. భయపడక్కర్లేదు, కోతా కుట్టూ ఉండవు.

వైద్యం ఫోలిక్ ఆమ్లం, బి12, టెట్రాసైక్లిన్. మూడు నుంచి ఆరు నెలలు వాడాలి. కొద్దిరోజుల్లోనే నాలుక మానుతుంది, ఆకలి పుడుతుంది. అక్కడితో మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. అలాగని మాత్రలు కొని మీరే వేయకండి. బి12 లోటున్నవారికి ఒక్క ఫోలిక్ ఆమ్లమే ఇస్తే, రక్తం పట్టినట్టే ఉండి లోపల నరాలు దెబ్బతినవచ్చు. టెట్రాసైక్లిన్ గర్భిణులకూ, ఎనిమిదేళ్లలోపు పిల్లలకూ పనికిరాదు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు ఈ జబ్బుతోనే, రోజుల తేడాలో పోయారు. తర్వాత అమెరికాలో, లెడర్లీ పరిశోధనశాలలో ఆయన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా 1948లో అక్కడినుంచే, బెంజమిన్ డగ్గర్ చేతిమీదుగా వెలువడింది. ఆనాడు ఆ తల్లికి దొరకని మందు ఈనాడు మనకు అందుబాటులో ఉంది.

రెండు వారాలు దాటిన విరేచనాలను తేలిగ్గా తీసుకోకండి. అత్తగారు సిగ్గుపడి చెప్పరు. కోడలే అడగాలి.