సంగటి ముద్దకూ లెక్కుంది

మనిషి వేలికి ఖరీదు కట్టవచ్చునా అంటే ఎవరైనా చెవులు మూసుకుంటారు. చట్టం మాత్రం పట్టిక వేసి మరీ కట్టింది. ఒక చేతికి మూడు వేళ్లు పోతే సంపాదించే శక్తిలో నూటికి 30 వంతులు పోయినట్లట. అందులో పేచీ లేదు. పేచీ అంతా "నెలజీతం ఎంత?" అన్న దగ్గరే.

మా పలమనేరు చుట్టుపక్కల చెరకు గానుగల్లో నెలజీతాలెక్కడివి? రోజుకూలి, మధ్యాహ్నం ఇంత సంగటి, ఊరుబిండి. 2021 లో మా వీధి కుర్రాడు (కుర్రాడంటే 35 నిండినవాడే లెండి) మోటారు గానుగలో చెరకు తోస్తూ మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు. యజమాని యాభైవేలిచ్చి, ఇక ఏమీ అడగనని కాగితం రాయించుకోబోయాడు. అలాంటి కాగితం చెల్లదని 1923 నాటి పరిహార చట్టంలోనే ఉంది. పద్దులు రాసి బతికినవాణ్ణి గనుక లెక్క నా నెత్తిన పడింది.

ఏడాదిపాటు పనిచేసినవాడికి మొత్తం కూలిని 12 తో భాగిస్తే సరి. నెలైనా నిండనివాడికి, అదే పని చేసే తోటివాడి సంపాదన కొలత. మనవాడు మధ్యరకం. చేరి 75 రోజులు. పని దొరికింది 60 రోజులు. రోజుకు 500 చొప్పున 30,000. దీన్ని 30 తో హెచ్చించి 75 తో భాగించాలి. 12,000 వచ్చింది. నెలకు 15,000 కాదా అంటే కాదు. పనిలేని రోజులూ ఆ 75 లో చేరతాయి.

అప్పుడడిగాను, తిండి మాటేమిటని. డబ్బుగా విలువ కట్టగల సదుపాయం ఏదైనా ఆ చట్టం ప్రకారం జీతమే. బస్సుఛార్జీ కాదు గాని, సంగటి అవును!

"ఏమన్నా, తిన్న సంగటికి గూడా లెక్క కడతారా?" అన్నాడు మావాడు.

యజమాని పూట తిండి 20 రూపాయలన్నాడు. పలమనేరులో 20 రూపాయలకు కడుపునిండా సంగటి పెట్టే పుణ్యాత్ముడెవరో చూపించమన్నాను. చివరకు 50 కి ఒప్పుకున్నాడు. అరవై పూటలకు 3,000. నెలజీతం 13,200 అయింది. 2020 జనవరి నుంచి ఉన్న 15,000 హద్దుకు లోపలే.

అందులో నూటికి 60 వంతులు 7,920. దాన్ని 35 ఏళ్లవాడి గుణకం 197.06 తో హెచ్చించి (30 ఏళ్లకైతే 207.98, 50 కి 153.09), అందులో 30 వంతులు తీస్తే 4,68,214 రూపాయలు. సంగటి లేకుండా 4,25,649 మాత్రమే.

ఆ పాత చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయింది. జీతానికి అర్థమూ మారింది. కూలికి బదులు వస్తువుగా ఇచ్చేది ఇప్పుడు మొత్తం జీతంలో నూటికి 15 వంతుల వరకే లెక్కకొస్తుంది.