రేవు లేని దేశాలు, రెక్కల లెక్కలు

సముద్రం లేని దేశానికి సరుకు రావాలంటే పొరుగువాడి రేవే దిక్కు. విమానం ఆ బెడద కొంత తీరుస్తుంది. కాకపోతే వాటిలో కొన్ని దేశాలకు తీరమే కాదు, విమానం దిగడానికి చదును నేలా కరువే.

నేపాల్‌నే చూడండి. 1949లో కాఠ్మాండూలో తొలి విమానం దిగింది పశువులు మేసే గౌచర్ బయల్లో. అందులో వచ్చినవారు భారత రాయబారి సుర్జీత్ సింగ్ మజీఠియా. ఆ బయలే నేటి త్రిభువన్ విమానాశ్రయం.

ఎవరెస్ట్ దారిలోని లుక్లా కథ ఇంకా చిత్రం. ఖుందేలో ఆసుపత్రి కట్టడానికి సామాను చేరవేయాలని ఎడ్మండ్ హిల్లరీ 1964లో అక్కడ విమానాల బాట వేయించారు. ఆయన మొదట అడిగింది చదునైన పొలాలు. రైతులు ఇవ్వలేదు (ఆ కొండల్లో చదును చెక్క ఎవరు వదులుకుంటారు?). చివరికి ఏటవాలే దక్కింది. నేల గట్టిపడాలని షెర్పాలకు నాటుసారా పోయించి, కాళ్లతో తొక్కుతూ నృత్యం చేయించారట! తారు పడింది 2001లో. రన్‌వే పొడవు 527 మీటర్లు. మన శంషాబాద్ పెద్ద రన్‌వేలో ఎనిమిదో వంతు. పైగా వంద మీటర్లకు దాదాపు పన్నెండు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. దిగేటప్పుడు ఆ ఎగువే బ్రేకు, లేచేటప్పుడు ఆ దిగువే ఊపు. ఒక కొసన కొండ, మరో కొసన లోయ. దిగబోయి మనసు మార్చుకుని మళ్లీ పైకి లేవడమనేది ఉండదు.

భూటాన్‌లోని పారోకు రాత్రి విమానాలు మామూలుగా ఉండవు. కొండల మధ్య మలుపులు తిరుగుతూ, కళ్లతో చూసుకుంటూ దిగాలి. ప్రత్యేక శిక్షణ పొందిన పైలట్లకే ఆ పని అప్పగిస్తారు.

ఎత్తులో రికార్డు బొలీవియాది. లాపాజ్ నగరానికి చెందిన ఎల్ ఆల్టో 4,061 మీటర్ల ఎత్తున ఉంది. ప్రపంచంలో అంతకంటే ఎత్తయిన అంతర్జాతీయ విమానాశ్రయం లేదంటారు. గాలి పలచన కాబట్టి రెక్కలకు పట్టు తక్కువ, ఇంజిన్‌కు బలం తక్కువ. అందుకే రన్‌వే నాలుగు కిలోమీటర్లు. అయినా బరువు తగ్గించుకునే లేవాలి.

నా లెక్కలో అసలు ఘనత ఇథియోపియాది. 1946లో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ తొలి విమానం అస్మారా మీదుగా కైరో వెళ్లింది. 1993లో ఎరిత్రియా విడిపోవడంతో తీరమూ పోయింది, అస్మారా పరాయి దేశపు రాజధాని అయింది. ఆ విమాన సంస్థ మాత్రం ఆఫ్రికాలోకెల్లా పెద్దదిగా ఎదిగింది.

రన్‌వే కట్టగానే పని తీరదు, ఆకాశానికీ సరిహద్దులున్నాయి. నేపాల్ 2022లో భైరహవాలో, 2023లో పొఖరాలో కొత్త అంతర్జాతీయ విమానాశ్రయాలు తెరిచింది. విదేశీ విమానాలు ఆశించినన్ని రాలేదు. మరిన్ని గగన మార్గాలివ్వమని భారత్‌ను అడుగుతూనే ఉంది.

ఇక లీక్టెన్‌స్టయిన్ ఈ బెంగే పెట్టుకోలేదు. దాని చుట్టూ ఉన్న దేశాలకే సముద్రం లేదు, దానికేమో విమానాశ్రయమే లేదు. బాల్జర్స్‌లో హెలికాప్టర్లు దిగే చోటు ఒకటుంది. విమానం ఎక్కాలంటే జ్యూరిక్ వెళ్తారు.