బాపు గీత, మన పిల్లల రాత

“బొమ్మలు కూడు పెడతాయా?” పిల్లల నోట్‌బుక్కు వెనక పేజీ చూసి మనలో చాలామందిమి అనే మాటే ఇది.

బాపు మద్రాసు విశ్వవిద్యాలయంలో లా చదివి 1955లో పట్టా అందుకున్నారు. బతుకు మాత్రం కుంచెతోనే. పత్రికలకు కార్టూన్లు, కథలకు బొమ్మలు, పుస్తకాలకు ముఖచిత్రాలు వేశారు. 1967లో ‘సాక్షి’తో దర్శకుడయ్యారు. ఆయన చేతిరాత కంప్యూటరు ఫాంటు కూడా అయింది. మద్రాసులో ఉంటూ తెలుగు అక్షరంతోనే ఇదంతా సాధించారు.

డబ్బింగు మాటలకైనా, సబ్‌టైటిళ్లకైనా, అనువాదానికైనా తెలుగు తప్పుల్లేకుండా రాయగలగాలి. ఉంటున్న రాష్ట్రపు భాష కూడా వచ్చిన మన పిల్లలకు ఈ పనుల్లో రెండు చేతులూ ఉన్నట్టే. ఇంట్లో మాట్లాడుతున్నారు కదా అని బడిలో తెలుగు పీరియడు వదిలేస్తే, అందులో ఒక చేయి మనమే కట్టేసినవాళ్లమవుతాం. డిగ్రీ చదివిద్దాం, తెలుగు రాయడమూ నేర్పిద్దాం.