సూరత్ సాంచాల నడుమ డిగ్రీ చదువు

సూరత్ నగరంలోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాలకు తెలుగు మాట కొత్త కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుండి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు పలుతరాలుగా అచటి వస్త్ర పరిశ్రమను ఆశ్రయించుకొని జీవిస్తున్నవి. సిరిసిల్లలో సాంచాలని పిలుచుకొనే మరమగ్గాలే ఇక్కడా బ్రతుకుతెరువు. షిఫ్టు సాధారణంగా పన్నెండు గంటలు. కొన్నాళ్లు పగలు, కొన్నాళ్లు రాత్రి. ఇట్టి కార్మికునికి ప్రతిదినం కళాశాలలో హాజరు పలుకుట అసాధ్యం. నగరంలో 1967 నుండి విశ్వవిద్యాలయం ఉన్నది. కొరవడినది తీరిక మాత్రమే.

ఈ చిక్కుకు పరిష్కారంగా ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో పోస్టు ద్వారా పాఠాలు పంపే పద్ధతిని ప్రారంభించింది. హైదరాబాదులో 1982లో నెలకొన్న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మరొక అడుగు ముందుకు వేసి, ఇంటర్మీడియెట్ లేనివారిని సైతం అర్హత పరీక్షపై చేర్చుకొన్నది. నేడది అంబేద్కర్ పేరిట ఉన్నది. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి గారే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడ తొలి ఉపకులపతి కావడం తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం.

జాతీయ విశ్వవిద్యాలయంలో చదువును క్రెడిట్లలో కొలుస్తారు. ఒక క్రెడిట్ అనగా ముప్పది గంటల శ్రమ. చాలాకాలం అమలులో ఉన్న 96 క్రెడిట్ల బి.ఏ.కు 2,880 గంటలు కావలెను. మూడేండ్లలో ముగించుటకు దినమునకు రెండున్నర గంటలకు పైగా పడుతుంది. గరిష్ఠ గడువైన ఆరేండ్లు తీసుకొంటే గంటా ఇరువది నిమిషాలు చాలును. షిఫ్టు దిగిన మనిషికి ఈ రెండవ లెక్కయే అందుబాటులోనిది. ఆలస్యమైనదని సిగ్గుపడనక్కరలేదు, గడువును అందుకే పొడిగించి ఉంచారు.

అసలు కష్టం భాషది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. ఆ పైన చాలామంది పిల్లలు గుజరాతీ, హిందీ లేక ఇంగ్లీషు మాధ్యమానికి మారవలసి వస్తుంది. కొందరు అక్కడనే బడి మానుతారు. వారికి 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాలగా మొదలైన సంస్థ పదవ తరగతి పరీక్షను తెలుగులో కూడ వ్రాయనిస్తుంది. డిగ్రీ స్థాయిలో ఆ సౌకర్యం సన్నగిల్లుతుంది. తెలుగులో డిగ్రీ పాఠాలు అందించే హైదరాబాదు విశ్వవిద్యాలయపు అధ్యయన కేంద్రాలు తెలుగునాటనే ఉన్నవి. అహమ్మదాబాదు కేంద్రంగా 1994లో ఏర్పడిన గుజరాత్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చదువవలెనంటే గుజరాతీ బాగుగా రావలెను. ఇంట తెలుగు, వీధిలో గుజరాతీ, కార్ఖానాలో హిందీ మాట్లాడే యువకుడు పరీక్షపత్రం ఏ భాషలో వ్రాయగలడో చేరకముందే తేల్చుకొనుట మంచిది.

జాతీయ విశ్వవిద్యాలయంలో సాధారణంగా నూటికి ముప్పది మార్కులు ఇంట వ్రాసి సమర్పించే అభ్యాసాలకు, తక్కినవి జూన్, డిసెంబరు మాసాల పరీక్షలకు లభిస్తాయి. సాంచాపై కూలి నేసిన మీటర్లను బట్టి ముడుతుంది కనుక పరీక్షకు పోయిన ప్రతి దినమూ కూలి పోయిన దినమే. అన్ని పత్రాలూ ఒకే విడత వ్రాయక, జూన్‌లో కొన్ని, డిసెంబరులో కొన్ని పంచుకొంటే ఆ నష్టం ఒక్క నెల మీదనే పడదు.