సూరత్ ‘ఫ్యాక్టరీ’లో మగ్గం లేదు: ఒక ఆంగ్ల పదం, మారిన అర్థాలు

మొగల్ చక్రవర్తి జహంగీర్ ఫర్మానాతో 1613లో ఈస్టిండియా కంపెనీ సూరత్‌లో ‘ఫ్యాక్టరీ’ నెలకొల్పిందని ఆంగ్ల చరిత్ర గ్రంథాలు చెబుతాయి. ఆ వాక్యం చదివిన విద్యార్థి మదిలో పొగగొట్టాలు, యంత్రాలు మెదలడం సహజం. అయితే ఆవిరితో నడిచే మిల్లులు అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేవు. మరి ఆ ఫ్యాక్టరీ ఏమిటి?

మూలార్థం: ‘చేసేవాడు’

లాటిన్‌లో ‘ఫాక్టర్’ అంటే చేసేవాడు. ఆంగ్లంలో ఈ పదం యజమాని తరఫున దూరదేశంలో క్రయవిక్రయాలు జరిపే ప్రతినిధికి పేరైంది. అతడు నివసిస్తూ సరుకు నిల్వ చేసుకునే చోటు ‘ఫ్యాక్టరీ’. పోర్చుగీసువారి ‘ఫెయిటోరియా’ కూడా ఇదే. కంపెనీ కొలువులో రైటర్, ఫ్యాక్టర్, జూనియర్ మర్చంట్, సీనియర్ మర్చంట్ అనే హోదాలు వరుసగా ఉండేవి.

సూరత్ కంటే ముందే, 1611లో, కంపెనీ మచిలీపట్నంలో ఇటువంటి స్థావరం ఏర్పరచుకుంది. వస్త్రాలు నేసింది ఊళ్లలోని సాలీలు. ఫ్యాక్టరీ వాటిని కొని, నిల్వచేసి, ఓడలకెక్కించింది. అందుకే తెలుగు పాఠ్యపుస్తకాలు దీనిని ‘వర్తక స్థావరం’ అంటాయి. ఈ సందర్భంలో ‘కర్మాగారం’ అని రాస్తే తప్పు.

తయారీ అర్థం ఎప్పుడు?

‘మాన్యుఫాక్చర్’ అనే మాటకు మూలార్థం చేతితో చేయడం. అలా వస్తువులు చేసే చోటు ‘మాన్యుఫ్యాక్టరీ’. పారిశ్రామిక విప్లవంతో యంత్రాలు వచ్చాక, ‘ఫ్యాక్టరీ’కి కర్మాగారమనే అర్థమే స్థిరపడింది.

వాడుకలో జాగ్రత్తలు

వస్త్రం, బియ్యం, కాగితం విషయంలో ‘మిల్లు’ అనడం పరిపాటి. విద్యుత్తు, ఉక్కు, సిమెంటుకు ‘ప్లాంట్’ తగినది. ‘పవర్ ఫ్యాక్టరీ’ అనరు. మరమ్మతులు జరిగే చోటు ‘వర్క్‌షాప్’. ఇక ‘ఫ్యాక్టర్’ గణితంలో కారణాంకం: 12కు 3 ఒక ఫ్యాక్టర్. మామూలు మాటల్లో ఫలితాన్ని ప్రభావితం చేసే అంశం: ‘ప్రైస్ ఈజ్ ఎ ఫ్యాక్టర్’ అంటే ధర కూడా ఒక కారణమని.

చట్టంలో ‘ఫ్యాక్టరీ’

నేటి సూరత్ మరమగ్గాల నగరం. తెలంగాణ నుంచి వలస వెళ్లిన అనేక పద్మశాలి కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. వారికి ఈ పదం కేవలం నిఘంటువు విషయం కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం, విద్యుత్తుతో తయారీ జరిగే చోట 10 మంది, విద్యుత్తు లేనిచోట 20 మంది పనిచేస్తేనే అది ఫ్యాక్టరీ. వారానికి 48 గంటల పరిమితి, అదనపు గంటలకు రెట్టింపు వేతనం వంటి ఆ చట్టంలోని రక్షణలు ఈ నిర్వచనంపైనే ఆధారపడ్డాయి. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యలను 20కి, 40కి పెంచింది.

అంటే 15 మంది మరమగ్గాలు నడిపే షెడ్డు పాత నిర్వచనం ప్రకారం ఫ్యాక్టరీ. కొత్త నిర్వచనం ప్రకారం కాదు. మగ్గాలు అవే, మనుషులు వారే. మారింది పదం పరిధి. అందువల్ల ‘ఫ్యాక్టరీ’ అనే మాట ఎదురైనప్పుడు అది ఏ కాలానిది, ఏ చట్టానిది అని ముందుగా చూసుకోవాలి. అభ్యాసకునికైనా, కార్మికునికైనా సరైన అర్థం అక్కడే దొరుకుతుంది.