రూట్ పార్టిషన్ నిండితే ఏం చేయాలి?

హైదరాబాద్ కాటేదాన్ పారిశ్రామికవాడలోని ప్లాస్టిక్, తినుబండారాల యూనిట్ల వంటి చిన్న ఫ్యాక్టరీలో బిల్లింగు, స్టాకు లెక్కలన్నీ ఒక్క లినక్స్ సర్వర్ మీదే నడుస్తున్నాయనుకోండి. లారీ లోడై గేటు దగ్గర నిలబడ్డ సమయంలో ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అని తెర మీద పడితే ఇన్వాయిస్ రాదు. హోమ్ భాగంలో బోలెడు ఖాళీ ఉంటుంది, రూట్‌కే చోటు ఉండదు.

వెంటనే పార్టిషన్ల జోలికి పోకండి. ఏ భాగం నిండిందో ‘డీఎఫ్’ చెబుతుంది, ఏ ఫోల్డరు నింపిందో ‘డీయూ’ చెబుతుంది. చాలాసార్లు పాత లాగ్ ఫైళ్లు తీసేస్తే పని అయిపోతుంది. చోటున్నా అదే మాట వస్తుంటే, ఒక్కో ఫైలు వివరాలు రాసుకునే ఐనోడ్లు అయిపోయాయేమో చూడాలి. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు పేరుకున్నప్పుడు అలా జరుగుతుంది.

అప్పటికీ పార్టిషన్ సైజు మార్చక తప్పదంటే, ముందు డేటా నకలు వేరే మెషీన్‌లో పెట్టి, అది తెరుచుకుంటోందో లేదో చూసుకోవాలి. ఇది లేకుండా తర్వాతి అడుగు వేయొద్దని గట్టిగా చెబుతాను. మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ ఎంతసేపు నిలబడుతుందో కూడా ముందే తెలియాలి.

డిస్కు మీద హద్దులు రెండుచోట్ల రాసి ఉంటాయి. పార్టిషన్ టేబుల్‌లో ఒకటి, ఫైల్‌సిస్టమ్ తన సూపర్‌బ్లాక్‌లో రాసుకున్న సైజు ఇంకొకటి. పెంచేటప్పుడు ముందు పార్టిషన్, తర్వాత ఫైల్‌సిస్టమ్. తగ్గించేటప్పుడు ముందు ఫైల్‌సిస్టమ్, ఆ తర్వాతే పార్టిషన్. ఇల్లు కుదించకుండా ప్రహరీని లోపలికి జరిపితే గోడ గదుల మీదికే వస్తుంది కదా!

ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌ను సర్వర్ నడుస్తుండగానే పెంచవచ్చు. తగ్గించాలంటే మాత్రం అన్‌మౌంట్ చేయాలి. నడుస్తున్న సిస్టమ్ రూట్ మీదే కూర్చుని ఉంటుంది కాబట్టి దాన్ని తగ్గించడానికి పెన్‌డ్రైవ్‌లోని లైవ్ లినక్స్‌తో బూట్ చేయాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను అసలు తగ్గించలేమనే అనుకోవాలి. డేటా బయటికి తీసి, ఫార్మాట్ చేసి, మళ్లీ నింపుకోవాల్సిందే. 2014లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 నుంచి దానిలో డిఫాల్ట్ ఎక్స్‌ఎఫ్‌ఎస్సే. అందుకే ఎల్‌వీఎం (లాజికల్ వాల్యూమ్ మేనేజర్) మీద ఇన్‌స్టాల్ చేసి, కొంత చోటు ఏ భాగానికీ ఇవ్వకుండా ఉంచుకోవడం మేలు.

ఫైల్‌సిస్టమ్ రకమే మార్చాలంటే ‘బీటీఆర్‌ఎఫ్‌ఎస్-కన్వర్ట్’ ఉంది. ఈఎక్స్‌టీ4ను ఉన్నచోటనే బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌గా మార్చి, పాత రూపాన్ని ‘ఈఎక్స్‌టీ2_సేవ్డ్’ పేరుతో దాస్తుంది. వెనక్కి వెళ్లే దారి అదే, కానీ మార్చాక రాసిన డేటా వెనక్కి రాదు. ఫైల్‌సిస్టమ్‌ను గుర్తుపట్టే యూయూఐడీ కూడా మారవచ్చు. అందుకే బూట్ సమయంలో అవసరమయ్యే ఎఫ్‌స్టాబ్, గ్రబ్, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మూడింటినీ లైవ్ లినక్స్‌లో ఉండగానే సరిచేయండి. లేకపోతే డేటా భద్రంగా ఉన్నా సర్వర్ లేవదు.