పరుగెత్తే పిల్లలు - మంచినీళ్ళు - మూత్రపిండాలు



మా నందికొండలో తెల్లవారుజామున వీధి తలుపు తీస్తే మునుపు పాలవాళ్ళే కనిపించేవారు. ఇప్పుడు పరుగెత్తే పిల్లలు కనిపిస్తున్నారు. హిల్ కాలనీ ఎత్తుపల్లాల రోడ్ల మీద ఒకడు పోలీసు ఉద్యోగానికనీ, ఒకడు మిలటరీకనీ, ఇంకొకడు ఆగస్టులో హైదరాబాదులో జరిగే మారథాన్‌కనీ చెమటలు కక్కుతూ పోతుంటారు. 2022 పోలీసు ఎంపికల్లో మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు పరుగు పెట్టారు. పరీక్ష అంతే అయినా సాధన మాత్రం రోజూ అయిదారు కిలోమీటర్లు, కొందరైతే పది. మీ పేటలోనూ ఇంతే అయి ఉంటుంది.

ఇంట్లో మనం చేసేవి రెండు. "బాగా నీళ్ళు తాగరా నాయనా" అని సీసా నింపి ఇస్తాం. కాళ్ళు లాగుతున్నాయంటే డబ్బాలోంచి ఒక నొప్పి మాత్ర తీసి ఇస్తాం. రెండూ ప్రేమతో చేసే పనులే. కానీ రెండింటి భారమూ చివరికి మూత్రపిండాల మీదే పడుతుంది. అందుకే ఈవేళ వాటి సంగతి చెబుదామనుకున్నాను.

మూత్రపిండం మన గుప్పెడంత ఉంటుంది. వీపు వైపు, నడుముకు కాస్త పైన, అటొకటి ఇటొకటి. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్లు వడగడతాయి. ఇందులో మూత్రంగా పోయేది లీటరున్నర, రెండు లీటర్లే. తక్కిందంతా తిరిగి ఒంట్లోకే వస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు గుండె పంపే నెత్తురులో అయిదోవంతు వీటికే వెళుతుంది. గట్టిగా పరుగెత్తేటప్పుడు ఆ నెత్తురు తొడలకూ, పిక్కలకూ, చెమట పట్టే చర్మానికీ మళ్ళుతుంది. ఒక తూము దించి ఇంకొక తూము ఎత్తినట్టన్నమాట. సాగర్ డ్యాము నీడన కాపురం ఉంటున్నదాన్ని కనుక నాకు ఈ పోలికే తోచింది.

ఎండలో గంటసేపు పరుగెత్తితే చెమట రూపంలో లీటరు నీరు పోవడం పెద్ద విశేషం కాదు. దానితోపాటు ఉప్పూ పోతుంది. అప్పుడు మూత్రపిండాలు ఉన్న నీటిని బిగబట్టుకుంటాయి. మూత్రం తగ్గి పచ్చబడుతుంది. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో 2015లో మారథాన్ పరుగెత్తిన 22 మందిని పరీక్షిస్తే, నూటికి 82 మందిలో మూత్రపిండాలు కాస్త దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. భయపడకండి, రెండు రోజుల్లో వాళ్ళకు సర్దుకుంది. ఆరోగ్యమైన పిల్లలకు రోజువారీ పరుగు మేలే చేస్తుంది. రక్తపోటు, చక్కెర వ్యాధి అదుపులో ఉంటే మూత్రపిండాలకూ రక్షణే కదా. అందుకని పరుగు మాన్పించమని నేను చెప్పడం లేదు. పరుగెత్తిన మర్నాడే క్రియాటినిన్ పరీక్ష చేయిస్తే మాత్రం అంకె ఎక్కువ చూపించవచ్చు. ఒకటి రెండు రోజులు ఆగి చేయించండి, లేకపోతే ఇల్లంతా బెంగ.

ఇక ఆ నొప్పి మాత్ర సంగతి. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ జాతి మాత్రలు మూత్రపిండాలకు వెళ్ళే సన్నని నాళాలను బిగిసేలా చేస్తాయి. అసలే పరుగువల్ల నెత్తురు తగ్గి ఉంటుంది, దానిమీద ఇదొకటి! 2017లో వెలువడిన ఒక పరిశోధనలో, 80 కిలోమీటర్ల పరుగులో ఈ మాత్ర వేసుకున్నవాళ్ళలో నూటికి 52 మందికి, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళలో 34 మందికి మూత్రపిండాలు దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. పరుగుకు ముందు నొప్పి రాకుండా మాత్ర వేసుకునే అలవాటు ఒకటి పిల్లల్లో బయల్దేరింది. మీ ఇంట్లో ఉంటే ఈరోజే మాన్పించండి.

వాడు తిరిగొచ్చాక మూత్రం ఏ రంగులో ఉందో అడగండి, సిగ్గుపడనక్కరలేదు. లేత నిమ్మరసంలా ఉంటే మంచిదే. ముదురు పసుపైతే నీళ్ళు చాలలేదు. కాఫీ డికాక్షన్ రంగులో ఉండి, కండరాలు పట్టేసి వాచినట్టుంటే ఇంట్లో చిట్కాలు వద్దు. కండరాలు నలిగి, వాటిలోని పదార్థం నెత్తురులో కలిసి మూత్రపిండాలకు అడ్డం పడుతోందని అర్థం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అయితే నీళ్ళు ఎంత ఎక్కువ తాగితే అంత మంచిదా? కాదండీ, ఇదే చాలామందికి తెలియదు. 2002లో బోస్టన్ మారథాన్‌లో 28 ఏళ్ళ అమ్మాయి ఒకరు చనిపోయింది, దాహంతో కాదు, ఒంట్లో నీరు ఎక్కువై. ఆ పరుగులోనే 488 మంది నెత్తురు పరీక్షిస్తే నూటికి 13 మందికి ఉప్పు తగ్గిపోయి ఉంది. పరుగెత్తేటప్పుడు మూత్రపిండాలు నీటిని వదలవని చెప్పాను కదా. అలాంటప్పుడు సీసాల మీద సీసాలు తాగితే నెత్తురు పలచబడి మెదడు వాస్తుంది. తలనొప్పి, వాంతి, వేళ్ళు ఉబ్బడం, పొంతన లేని మాటలు దీని లక్షణాలు. వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు పట్టిస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో తూకం యంత్రం ఉంటే పరుగుకు ముందూ వెనకా తూచండి. అరవై కిలోలవాడు కిలో తగ్గితే ఫరవాలేదు. బరువు పెరిగి వచ్చాడంటే మటుకు అతిగా తాగాడన్నమాట.

కాబట్టి బయల్దేరే ముందు ఒక గ్లాసు, మధ్యలో దాహమైనప్పుడే. వచ్చాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, మన వైపు చల్ల అంటాం చూడండి, అది గాని, ఉప్పు వేసిన నిమ్మరసం గాని, జొన్న అంబలి గాని ఇవ్వండి. రంగురంగుల సీసాలకు డబ్బు తగలెయ్యనక్కరలేదు. కొబ్బరినీళ్ళూ మంచివే గాని వాటిలో ఉప్పు తక్కువ, పొటాషియం ఎక్కువ. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళకు డాక్టరుగారిని అడక్కుండా ఇవ్వకూడదు.

ఏ నీళ్ళు తాగుతున్నారన్నది కూడా చూసుకోవాలి. కృష్ణ నీళ్ళు తాగే మాకు ఆ చింత లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ళ ఫ్లోరైడు ఎన్ని ఇళ్ళలో ఎముకలు వంచిందో మీకు తెలుసు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకపోతేనే మంచిది. ఎక్కువ చెమట పట్టేవాళ్ళు ఎక్కువ నీళ్ళు తాగుతారు, దానితో ఫ్లోరైడూ ఎక్కువే లోపలికి పోతుంది. దాన్ని బయటికి పంపేవి మూత్రపిండాలే, అవి నీరసిస్తే ఎముకల్లో మరింత పేరుకుంటుంది. మరగకాస్తే పోతుందనుకోకండి, నీరు ఆవిరై ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. ఊళ్ళో సాధన చేసే పిల్లలకు బోరు నీళ్ళు కాక, శుద్ధి చేసిన కుళాయి నీళ్ళే సీసాలో పోసి పంపమని చెప్పండి.

ఆడపిల్లల గురించి ఒక మాట మిగిలింది. చాలామంది మైదానానికి వెళ్ళేముందు గుక్కెడు నీళ్ళు కూడా ముట్టరు. దాహం లేక కాదు, అక్కడ మరుగుదొడ్డి ఉండదు, ఉన్నా తాళం వేసి ఉంటుంది. గంటలకొద్దీ మూత్రం ఆపుకుని, ఎండిన గొంతుతో పరుగెత్తి, ఇంటికొచ్చి మంటగా ఉందంటారు. పిల్లదాన్ని కోప్పడకండి. నలుగురు తల్లులు కలిసి వెళ్ళి, తెల్లవారుజామున అయిదింటికే ఆ తాళం తీసి ఉంచమని మైదానం చూసేవాళ్ళను అడగండి.